లివర్ క్యాన్సర్ పాకిందో లేదో చూడాలంటే పెట్ స్కాన్ తప్పదా?

దేవరకొండ పిల్లగాడు: మా నాయినకు లివర్ క్యాన్సర్. నల్గొండలో మూడు ఫేజ్‌ల సీటీ (మందు ఎక్కించి మూడు దశల్లో తీసేది) తీశారు, గడ్డ కాలేయంలోనే కనబడింది. పది రోజులుగా నడుం నొప్పితో పడుకోలేకపోతున్నాడు. డాక్టరేమో ఛాతీ సీటీ, ఎముకల స్కాన్ రాశారు. బావేమో హైదరాబాద్‌లో పెట్ తీయిస్తే ఒక్కసారికే ఒళ్లంతా తేలిపోతుంది అంటున్నాడు. ఏం చేయాలి?

మిర్యాలగూడ అల్లుడు: మీ బావ మాటే కరెక్ట్ తమ్ముడూ. ముక్కలు ముక్కలుగా తీయిస్తూ పోతే రోజులు గడిచిపోతాయి. మా మామకు పెట్‌లోనే తుంటి ఎముకలో మచ్చ బయటపడింది. కాకపోతే మొదటిసారి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. చిట్యాల దగ్గర బస్సు ఆగితే ఆయన టీ, నాలుగు బిస్కెట్లు లాగించాడు. షుగర్ 200 దాటింది, పెట్ ఇంజక్షన్ ఇవ్వబోమని చెప్పేశారు.

పాలమూరు టెక్నీషియన్: నేను సీటీ రూంలో పనిచేస్తా. పెట్‌లో ఎక్కించేది చక్కెర లాంటి మందు. మామూలుగా క్యాన్సర్ కణం దాన్ని మింగి లోపలే పెట్టుకుంటుంది, అందుకే మెరుస్తుంది. కాలేయ కణానికి మాత్రం దాన్ని మళ్లీ బయటికి వదిలే ఎంజైమ్ ఉంటుంది. ముదరని లివర్ గడ్డల్లోనూ అది మిగిలే ఉంటుంది కాబట్టి చాలా గడ్డలు పెట్‌లో కనబడవు. సీటీలో అయితే గడ్డ ఆర్టరీ ఫేజ్‌లో, అంటే మందు ధమనుల్లోంచి వచ్చే మొదటి దశలో, తెల్లగా వెలిగి, తర్వాతి ఫేజ్‌లో నల్లబడుతుంది.

మిర్యాలగూడ అల్లుడు: అన్నా, అడిగింది కాలేయం గురించి కాదు కదా, బయటికి పాకిందా అని.

పాలమూరు టెక్నీషియన్: నిజమే, అక్కడ మీదే పైచేయి. పాకినవి ఎక్కువగా మొండి రకం, పెట్‌లో బాగానే మెరుస్తాయి. కానీ ఈ క్యాన్సర్ ఎక్కువగా పోయేది ఊపిరితిత్తులకే. సెంటీమీటరు లోపు మచ్చలు పెట్‌లో జారిపోతాయి, ఊపిరి బిగబట్టించి తీసిన ఛాతీ సీటీలో దొరుకుతాయి. కాలేయ మార్పిడికో ఆపరేషన్‌కో పోయే ముందు, లేదా ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌కు చూసే రక్తపరీక్ష) పెరుగుతూ సీటీలో ఏమీ దొరకనప్పుడు పెట్‌కు విలువ. ఇక నడుం నొప్పి. ఈ క్యాన్సర్ ఎముకను తినేస్తుంది, అలాంటివి ఎముకల స్కాన్‌లో ఒక్కోసారి చిక్కవు. వెన్నుకు ఎంఆర్ఐ రాయమని డాక్టర్‌ను అడుగు. కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా ఆ రోజే తీసుకుపో, ఆగొద్దు.

దేవరకొండ పిల్లగాడు: అడిగాను, ఎంఆర్ఐ రాశారు. రేపు అది, ఛాతీ సీటీ రెండూ. బావకు ఇంకా చెప్పలేదు.