జేబు పిస్తోలు తోలు ఒర పొడిపొడి అవుతోంది, ఏం చేయాలి?

కోటవీధి (విజయనగరం): నాన్నగారు పోయాక ఆయన జేబు పిస్తోలు కోల్ట్ 1908 వెస్ట్ పాకెట్‌ను ఠాణాలో అప్పగించాం. లైసెన్సు నా పేరున రావాలి. తోలు ఒర ఇంట్లోనే ఉంది. ముట్టుకుంటే ఎర్రటి పొడి రాలుతోంది, ఇత్తడి గుండీ చుట్టూ చిలుము పట్టింది. ఏం పూయాలి? ఒరకు విడిగా వెల పలుకుతుందా?

నాగావళి_ఒడ్డు: ఆముదం పట్టించండి. మా ముత్తాతగారి గుర్రపు జీను ఈనాటికీ మెత్తగా ఉంది.

పాతతోలు: అయ్యా, దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకోండి! తోలులోని కొవ్వు ఇత్తడిలోని రాగితో కలిసే ఆ చిలుము పుడుతుంది. నూనె పోస్తే ఇంకా పెరుగుతుంది. ఎర్రపొడి రాలిందంటే లోపలి పోగులు ఆమ్లానికి తెగిపోయాయని అర్థం. ఏ నూనే వాటిని అతికించదు. చిలుమును వెదురు పుల్లతో గీకి, పొడి రాలకుండా పట్టి ఉంచే హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌ను ఆల్కహాల్‌లో పలచగా కలిపి కుంచెతో అద్దాలి. నేను తోలు పనివారింట పుట్టినవాణ్ణి, చూడకుండా చెప్పడం లేదు.

నాగావళి_ఒడ్డు: మా పెద్దలకు తెలియదంటారా?

పాతతోలు: రోజూ వాడే జీను వేరు, బీరువాలో మగ్గిన ఒర వేరు. పెద్దలను నేనేమీ అనలేదు.

బొబ్బిలి_వాసి: ముందు లైసెన్సు సంగతి చూడండి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో మనిషికి మూడు తుపాకులు పోయి రెండే మిగిలాయి. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోనివే. మా తాతగారి జ్ఞాపకాన్ని చేతులారా అప్పగించి వచ్చాను. ఆ బాధ ఇంకా తగ్గలేదు.

గంటస్తంభం: నూరేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదు కదా?

బొబ్బిలి_వాసి: ఇలాంటి మాటలు నమ్మే జనం కేసుల్లో ఇరుక్కుంటున్నారు! నూరేళ్ల లెక్క 1972 పురావస్తువుల చట్టానిది. ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధానికే. ఆ కోల్ట్‌కు సరిపడే పాయింట్ 25 తూటాలు ఇప్పటికీ తయారవుతున్నాయి.

గంటస్తంభం: సరే. మా బంధువుల ఇంట్లో బొబ్బిలి యుద్ధం నాటి పిస్తోలు ఉంది, గుర్రం (కొట్టే సుత్తి) కింద మందు నింపిన చిన్న రాగి టోపీ పెట్టి పేల్చేది.

పాతతోలు: యుద్ధం 1757లో. రాగి టోపీలు వచ్చింది పంతొమ్మిదో శతాబ్దంలో. అప్పటివన్నీ వత్తితోనో చెకుముకి రాయితోనో పేలేవి.

గంటస్తంభం: బొబ్బిలి వీరుల వస్తువును అబద్ధమంటారా?

బొబ్బిలి_వాసి: వీరులను ఎవరూ కాదనలేదు. మాది ఆ ఊరే. గొట్టం మీది ముద్రల ఫొటో పెట్టండి, బర్మింగ్‌హామ్ పరీక్షశాల గుర్తు ఉంటే 1813 తరువాతిదే.

కోటవీధి: వెల సంగతి ఎవరూ చెప్పలేదు. లైసెన్సు వచ్చాక పిస్తోలును ఈ ఒరలోనే ఉంచవచ్చా?

పాతతోలు: వద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, అందులోని ఆమ్లం ఉక్కును తినేస్తుంది. మన తీరపు గాలికి ఒక్క వానాకాలం చాలు. రెండూ వేర్వేరుగా ఉంచండి. ఒర లోపల ఆమ్లం లేని కాగితం కూరండి.