భర్త రిపోర్టులో కౌంట్ తక్కువ వచ్చింది, నేరుగా ఇక్సీకి వెళ్లవచ్చా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి ఒక సోదరి):
అందరికీ నమస్కారం. మాకు పెళ్లయి ఐదేళ్లు. నా పరీక్షలన్నీ బాగున్నాయని తేలిన తరువాతే మా ఆయన వీర్య పరీక్షకు ఒప్పుకున్నారు. వీర్యకణాలు మిల్లీలీటరుకు 40 లక్షలే ఉన్నాయని, కదలిక కూడా తక్కువేనని వచ్చింది. ఆయన బాయిల్డ్ రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తారు. హైదరాబాదులో చూపించిన చోట ఆయనను ముట్టుకుని చూడకుండానే ఇక్సీ (ల్యాబులో వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే చికిత్స) చేయించుకోమని ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. అత్తమ్మకు ఈ సంగతి తెలియదు. లోపం నాదేననుకుని చెట్ల మందు తాగిస్తున్నారు. ముందుగా ఏం చేయాలి?

జవాబు (జడ్చర్ల):
చెల్లెమ్మా, ఒక్క రిపోర్టుతో నిర్ణయం తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షలు కనుక మీవారి కౌంట్ తక్కువే. అయితే వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, ఆ మధ్య గట్టి జ్వరం వచ్చినా, ఒంటికి విపరీతమైన వేడి తగిలినా లెక్క పడిపోవచ్చు. వీలైతే మిల్లులో వేరే పని అడగమనండి. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి మళ్లీ పరీక్ష చేయించండి. యూరాలజిస్టుకు తప్పక చూపించండి. ఎడమవైపు వృషణం సిరలు ఉబ్బి ఉన్నాయని నాకు కూడా యూరాలజిస్టు నిలబెట్టి, దగ్గమని చెప్పి, చేత్తో చూసినప్పుడే తెలిసింది. ఆపరేషన్ తరువాత నా కౌంట్ పెరిగింది, కానీ అందరికీ పెరుగుతుందని చెప్పలేను. 50 లక్షల లోపు ఉంటే హార్మోన్లతోపాటు క్రోమోజోముల పరీక్ష కూడా రాస్తారు. బలానికంటూ టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మాత్రం వేయించుకోవద్దు. అవి వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి.

జవాబు (దేవరకొండ):
అన్న చెప్పినది నిజమే, కానీ మీ వయసు 35 దగ్గరలో ఉంటే ఎక్కువ కాలం ఆగకండి. ఇక్సీలో ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సన్నటి సూదితో పంపుతారు కనుక, కౌంట్ బాగా తక్కువున్న వారికి ఐయూఐ (వీర్యాన్ని గొట్టంతో గర్భాశయంలోకి పంపే పద్ధతి) కంటే అదే మేలు. లోపం ఆయనదైనా పొట్టలో ఇంజెక్షన్లు పొడిపించుకునేది, మత్తులో అండాలు తీయించుకునేది మనమే. అందుకే ముందుగా ఆయన పరీక్షలు పూర్తి కావాలని అడిగే హక్కు మీకుంది. సంతాన సాఫల్య చికిత్సల 2021 చట్టం (ఏఆర్‌టీ చట్టం) కింద నమోదైన కేంద్రానికే వెళ్లండి. దాత వీర్యం వాడాలంటే ఇద్దరి రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలోనూ సంతాన సాఫల్య కేంద్రం ఉంది, డబ్బు కట్టే ముందు అక్కడ ఒకసారి విచారించండి.

జవాబు (నల్లగొండ):
అమ్మా, ఆ చెట్ల మందులో ఏముందో ఎవరికీ తెలియదు, వెంటనే మానేయండి. ఇప్పటివరకు తాగిన సంగతి డాక్టరుకు చెప్పండి. మీ అత్తమ్మకు చెప్పవలసింది మీరు కాదు, మీ ఆయనే. రిపోర్టు పట్టుకుని తల్లి పక్కన కూర్చుని ఆయన నోటితోనే చెప్పమనండి.