ఫ్రీ డిష్‌కు 60 సెం.మీ. చాలదా? 90 వేయాలా, ఉన్నదాన్నే సరిగ్గా తిప్పాలా?

కృష్ణాతీరం:
డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకునేవాళ్లకు ఎక్కడ చూసినా ఒకటే సలహా: "60 తీసెయ్, 90 వెయ్, వానొచ్చినా బొమ్మ పోదు." ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు. సెట్‌టాప్ బాక్సు సిగ్నల్ పేజీలో స్ట్రెంత్ గీత 85 చూపిస్తూ క్వాలిటీ గీత 35 దగ్గర ఊగిసలాడితే, మబ్బు పట్టగానే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతే, అది సైజు లోపమా, సెట్టింగు లోపమా? లెక్కతో చెప్పండి.

గురి_చూడు:
సెట్టింగు లోపమే. ముందు స్ట్రెంత్ గీతను నమ్మడం మానండి. ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు చేతి మీద ఉండే, సిగ్నల్ పట్టే భాగానికి) కరెంటు అందితే చాలు, ఖాళీ ఆకాశానికి తిప్పి పెట్టినా అది ఎంతోకొంత చూపిస్తుంది. స్ట్రెంత్ నిండుగా, క్వాలిటీ నీరసంగా ఉందంటే మొదటి అనుమానం ఎల్‌ఎన్‌బీ వాలు (దాని బిగింపులో అది పక్కకు తిరిగి ఉండాల్సిన కోణం) మీదే. 93.5కి ఆ వాలు హైదరాబాద్‌లో దాదాపు 40 డిగ్రీలు, విశాఖలో 29, తిరుపతిలో 45. చాలామంది కేబుల్ తిన్నగా కిందికి వేలాడేలా బిగించేసి డాబా దిగిపోతారు. 40 డిగ్రీల తప్పుకు మన సిగ్నల్‌లో పోయేది 2.3 డిబి (డెసిబెల్, సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత), అదేమంత పెద్దది కాదు. అదే ఫ్రీక్వెన్సీలో రెండో పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ; వర్టికల్, హారిజాంటల్ అని రెండు) సిగ్నల్ కూడా ఉంటేనే అసలు దెబ్బ: అది మనదానికంటే 1.5 డిబి మాత్రమే తక్కువగా లోపలికి దూరుతుంది. అప్పుడు 90 వేసినా రెండూ కలిసే పెరుగుతాయి, తేడా అలాగే ఉంటుంది. తప్పును 5 డిగ్రీలకు తగ్గిస్తే ఆ దొంగ సిగ్నల్ 21 డిబి కిందికి పోతుంది. ఒక్క స్క్రూ వదులు చేస్తే అయ్యే పని.

ఎటు తిప్పాలో కూడా చెప్తాను, ఇక్కడే సగం మంది తడబడతారు. ఉపగ్రహానికి వీపు పెట్టి, డిష్ ముఖం చూస్తూ నిలబడండి. గడియారంలో 6 దగ్గరున్న కేబుల్ హైదరాబాద్‌లో 7 దాటి కాస్త పైకి రావాలి. ఆ తర్వాత క్వాలిటీ చూస్తూ అటూ ఇటూ సవరించుకోవాలి.

పెద్దగొడుగు:
వాలు సంగతి ఒప్పుకుంటాను గానీ, అదొక్కటే అన్నట్టు మాట్లాడకండి. 60 నుంచి 90కి వెళ్తే వైశాల్యం 2.25 రెట్లు, లాభం 3.5 డిబి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. 93.5 పక్కనే 95లో డిష్ టీవీ ఉపగ్రహం ఉంది, ఎడం 1.5 డిగ్రీలే. 60 డిష్ చూపు వెడల్పు, అంటే అది సిగ్నల్ బాగా పట్టే కోణం, సుమారు 3 డిగ్రీలు కాబట్టి నేరుగా 93.5కి గురిపెట్టినా 95 సిగ్నల్ 2.7 డిబి మాత్రమే తగ్గి వస్తుంది. 90కి చూపు వెడల్పు 2.1, తగ్గుదల 6 డిబి దాటుతుంది. పక్కింటివాళ్ల మాటలు వినపడకపోవడం కూడా లాభమేగా!

గురి_చూడు:
రెండు ఉపగ్రహాలూ ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే పోలరైజేషన్ వాడితేనే ఆ లెక్క వర్తిస్తుంది. వాన గురించి మీరేమీ అనలేదు. గంటకు 100 మి.మీ. వానలో 11 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు 4 డిబి పైచిలుకు పోతుంది. కుండపోత మేఘం కింద మీ 3.5 డిబి ఒక్క కిలోమీటరుకు కూడా చాలదు. 90 వేస్తే బొమ్మ కాస్త ఆలస్యంగా పోయి కాస్త ముందుగా వస్తుంది. "వానకు పోదు" అనేది అమ్మేవాళ్ల మాట.

ఉప్పుగాలి:
తీరంలో ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. వైశాల్యం 2.25 రెట్లంటే గాలి తోపు కూడా అంతే. 60కి వచ్చే సన్న గొట్టం మీదే 90 కూర్చోబెడితే తుపాను దాకా అక్కర్లేదు, ఈదురుగాలికే గొట్టం ఊగుతుంది. పైగా చూపు సన్నం కాబట్టి ఒక డిగ్రీ కదిలినా 90కే ఎక్కువ నష్టం. మందపాటి జీఐ పైపు, కాంక్రీటులో నాలుగు యాంకర్ బోల్టులు, ఒక ఏటవాలు ఊతం పెట్టలేకపోతే 60తోనే ఉండండి. పిట్టగోడ ఇటుకలో బోల్టు దింపితే ఊడొచ్చేది గోడే.

కృష్ణాతీరం:
సరేనండి, 60నే తిప్పాలంటే వరస చెప్పండి.

గురి_చూడు:
పైపు నిలువు ముందు. మేస్త్రీ తూకం గుండుతో రెండు వైపులా చూడండి. పైపు ఒరిగితే పక్కకు తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతుంది, ఇక డిష్ బిగింపు మీదుండే కోణం స్కేలు అంకెలకు అర్థం లేదు.

దిక్కు హైదరాబాద్‌లో ఉత్తరం నుంచి 138 డిగ్రీలు, అంటే ఆగ్నేయం నుంచి కొద్దిగా దక్షిణం వైపు. విజయవాడకు 141, విశాఖకు 149. దిక్సూచిని ఇనుప పైపుకు ఆనించి చూడొద్దు, ముల్లు తప్పు చెప్తుంది. నాలుగడుగులు దూరం జరిగి చూసి గుర్తు పెట్టుకోండి. ఎత్తు, అంటే నేల నుంచి పైకి చూసే కోణం, హైదరాబాద్‌కు 63, విజయవాడకు 65.5, విశాఖకు 66. డిష్ మూతి ఇంత పైకి చూస్తున్నట్టు కంటికి కనపడదు. ఆఫ్‌సెట్ డిష్‌కు (ఎల్‌ఎన్‌బీ నడిమధ్య కాకుండా కింది వైపు ఉండే మామూలు రకానికి) సుమారు పాతిక డిగ్రీల తేడా ఉంటుంది, ముఖం 40 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. కొత్తవాళ్లు ముఖాన్నే 63కి ఎత్తి గంటలు వెతుకుతుంటారు.

బాక్సులో ఎల్‌ఎన్‌బీ 9750/10600 పెట్టి, ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేటు 29500 ఉంచండి. ఎత్తు కదలకుండా డిష్‌ను పక్కకు మెల్లగా, బాక్సు తేరుకునేందుకు రెండు మూడు సెకన్లు ఆగుతూ తిప్పండి. మన దగ్గర ఎత్తు ఎక్కువ కాబట్టి ఆకాశంలో 1.5 డిగ్రీల ఎడం పైపు మీద 3 డిగ్రీల తిప్పుడు అవుతుంది. అయినా 42 మి.మీ. పైపు మీద అది మిల్లీమీటరు చిల్లరే! అందుకే పైపు మీద మార్కరుతో గీత గీసుకోవాలి. క్వాలిటీ బాగా వచ్చి ఫ్రీ డిష్ చానెళ్లు రాకపోతే మీరు 95 మీద ఉన్నారు. 3 డిగ్రీలు దక్షిణానికి తిప్పి, ఒక డిగ్రీ పైకెత్తండి. నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకేవైపు బిగిస్తే కుదిరిన గురి బిగింపులోనే పోతుంది.

పెద్దగొడుగు:
ఇంత చేసినా క్వాలిటీ రాకపోతే?

ఉప్పుగాలి:
డిష్ మీద పడేముందు ఎఫ్ కనెక్టరు (కేబుల్ చివర తిప్పి బిగించే మూతి) విప్పి చూడండి. మధ్య తీగ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. చుట్టూ ఉండే తీగల అల్లికలో పోగు ఒక్కటి దానికి తగిలినా షార్టే. తీగ పచ్చగా కిలుం పట్టి ఉంటే నీళ్లు దిగాయన్నమాట, ఆ ముక్క కోసి పారేయాలి. ఎల్‌ఎన్‌బీ కింద కేబుల్‌ను ఓ చుట్టు వేలాడదీస్తే నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది.

పెద్దగొడుగు:
నా మాట నాదే. కాంక్రీటు కప్పు, మంచి పైపు ఉన్నచోట 75 లేదా 90 వేస్తాను. రెండు టీవీలకు పంచాలంటే మరీ కావాలి.

గురి_చూడు:
పంచడానికీ డిష్ సైజుకూ సంబంధం లేదండి. ఎల్‌ఎన్‌బీయే 50 డిబికి పైగా పెంచి పంపుతుంది, స్ప్లిట్టరు (ఒక కేబుల్‌ను రెండుగా చీల్చేది) తినే నాలుగు డిబి అందులో లెక్కలోకి రాదు. చిక్కు వోల్టేజీది: బాక్సు 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ వర్టికల్, 18 పంపితే హారిజాంటల్ ఇస్తుంది. ఒక బాక్సు 13, ఇంకోటి 18 అడిగితే 18దే పైచేయి, మొదటి టీవీలో వర్టికల్ చానెళ్లు మాయం. రెండు నోళ్ల ఎల్‌ఎన్‌బీ వేసి, రెండు కేబుళ్లు విడివిడిగా దించండి.