రోజూ తిరిగే బండికి డైనో ట్యూనింగ్ అవసరమా?

కోట కూడలి (విజయనగరం):

అందరికీ నమస్కారం. నాది బీఎస్ 6 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. రోజూ ఉద్యోగానికి నెల్లిమర్ల జూట్ మిల్లు వైపు వెళ్లి వస్తాను. నెలకోసారి స్నేహితులతో కలిసి సాలూరు ఘాట్ ఎక్కి కొరాపుట్ దాకా వెళ్తాం. రెండు నెలల కిందట ఇంజన్ నుంచి పొగ తెచ్చే బెండు పైపుతో సహా సైలెన్సర్ మార్పించాను, ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చాను. అప్పటి నుంచి మూడో గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ తిప్పితే బండి ఒక్క క్షణం తడబడి, ఆ తర్వాతే అందుకుంటోంది. వదిలేస్తే పైపులో టపటపమని పేలుతోంది. ఒక పెద్ద నగరంలోని షాపువాళ్లు డైనో మీద, అంటే ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం మీద, ట్యూన్ చేస్తే ఇంజన్ శక్తి మూడు హెచ్‌పీ పెరుగుతుందని, ఈ బాధలన్నీ పోతాయని చెప్పి 14 వేలు అడిగారు. రోజువారీ బండికి అంత పెట్టడం సబబేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

సబబే. నేను నా 390 డ్యూక్‌కు చేయించాను, ఇప్పటికీ చింతించలేదు. వెనక చక్రాన్ని రోలర్ మీద పెట్టి, బండిని నాలుగు వైపులా బెల్టులతో బిగిస్తారు. ముందు పెద్ద ఫ్యాను. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఇంజన్‌ను కింది నుంచి పైదాకా లాగితే, ఏ వేగంలో ఎంత శక్తి వస్తోందో తెర మీద గీతగా పడుతుంది. సైలెన్సర్ మార్చాక నా బండి గీతలో నిమిషానికి 4000, 5000 చుట్ల మధ్య లోయలాగా ఒక పల్లం ఉంది. రోడ్డు మీద నాకు చిరాకు పుట్టించింది ఆ పల్లమేనని అప్పుడే అర్థమైంది. పెట్రోలు లెక్క సరిచేశాక అది పూడిపోయింది. గరిష్ఠ శక్తి ఒక్క హెచ్‌పీ కూడా పెరగలేదు. అయినా రణస్థలం దగ్గర లారీని దాటాలంటే ఇప్పుడు గేరు దించే పని లేదు. డబ్బు దానికే ఇచ్చాననుకుంటాను.

ఘాట్ మలుపు (సాలూరు):

ఇరవై రెండేళ్లుగా పానా పట్టుకుని బతుకుతున్నవాణ్ణి. మాది లారీల ఊరు. ఇంజన్ శబ్దం వింటూ పెరిగాం. డైనో మీద నాకు ద్వేషం లేదు, అది మంచి కొలత పరికరం. కానీ అది త్రాసు లాంటిది. త్రాసు మీద నిలబెట్టినంత మాత్రాన మనిషికి బలం రాదు కదా.

విజయనగరం తమ్ముడూ, ముందు ఆ మూడు హెచ్‌పీ సంగతి చూడు. నీ బండికి కంపెనీ చెప్పే టార్క్ (తిప్పే బలం) 4000 చుట్ల దగ్గర 27 న్యూటన్ మీటర్లు. టార్క్‌ను చుట్లతో గుణించి 7121తో భాగిస్తే హెచ్‌పీ వస్తుంది. అంటే ఆ చోట సుమారు 15. కంపెనీ చెప్పే 20.2 హెచ్‌పీ 6100 చుట్ల దగ్గర మాట. నెల్లిమర్ల రోడ్డులో ఆటోలు, ఆవులు, బడి పిల్లల మధ్య ఏనాడైనా 6100 తాకావా? 50 కిలోమీటర్ల వేగంతో సమంగా వెళ్తుంటే గాలినీ రోడ్డునూ తట్టుకోవడానికి అలాంటి బండికి కావలసింది రెండు, రెండున్నర హెచ్‌పీ మాత్రమే. ఉన్న ఇరవైలో పదిహేడు నీ దగ్గర ఊరికే పడి ఉన్నాయి. వాటి మీద ఇంకో మూడు వేసుకుని ఏం చేస్తావు?

ఇక ఆ మూడు నిజంగా పెరిగాయో లేదో తేల్చడమూ అంత సులువు కాదు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే మన మే నెల 40 డిగ్రీల గాలి దాదాపు 5 శాతం పలచన. ఆ తేడాను యంత్రం లెక్కలో సవరిస్తుంది, నిజమే. కానీ టైరులో గాలి తగ్గినా, బెల్టు ఒక పట్టు ఎక్కువ బిగించినా, మొదటిసారి ఇంజన్ చల్లగా ఉండి రెండోసారి వేడెక్కినా గీత మారుతుంది. ట్యూనింగ్‌కు ముందు, తర్వాత పరుగులు రెండూ ఒకే రోజు, ఒకే పద్ధతిలో తీయకపోతే ఆ కాగితాన్ని నమ్మవద్దు.

నిజానికి నన్ను ఆపింది నువ్వు చెప్పిన ఆ టపటప. కొత్త బెండు పైపు ఇంజన్ హెడ్‌కు కలిసే చోట గ్యాస్కెట్ రింగు ఉంటుంది. కొందరు పాత రింగునే మళ్లీ వేసి బిగించేస్తారు. అది సరిగా కూర్చోకపోతే అక్కడి సందులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పైపులో మిగిలిన కాలని పెట్రోలు ఆ గాలితో కలిసి పేలుతుంది. అంతటితో పోదు. పొగలో ఆక్సిజన్ ఎంత ఉందో చూసే ఆక్సిజన్ సెన్సర్ ఆ సందు తర్వాతే ఉంటుంది. బయటి గాలి తగలగానే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని పొరబడి, పెట్రోలు ఎంత చిమ్మాలో నిర్ణయించే బండిలోని కంప్యూటర్‌కు తప్పుడు కబురు పంపుతుంది. కంప్యూటర్ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. సందు ఉన్న బండిని డైనో మీద పెట్టి ట్యూన్ చేయడమంటే తప్పుడు కబురును లెక్కలోకి ఎక్కించడమే. ఆ మీద ఎప్పుడైనా రింగు మార్చావంటే కట్టిన లెక్కంతా తారుమారు.

అందుకే ఖర్చు లేని పనులు ముందు చేయించు. ఆ అతుకు దగ్గర నల్లటి మసి చార ఉందేమో చూడు. ప్లగ్ విప్పి చూడు. కాఫీపొడి రంగులో ఉంటే మంచిది, తెల్లగా కాలిపోయినట్టు ఉంటే పెట్రోలు చాలడం లేదు. చైను ఎంత వేలాడుతోందో కొలువు. చైను వదులైతే యాక్సిలరేటర్ తిప్పిన క్షణాన ముందు ఆ వదులు బిగుసుకుని తర్వాత బండి కదులుతుంది. దాన్నే చాలామంది ఇంజన్ తడబాటు అనుకుంటారు. పోయిన వేసవిలో ఒక కుర్రాడు పికప్ లేదని బండి తెచ్చాడు. ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపితే ఇటుక బట్టీల ఎర్ర దుమ్ము నేల మీద కుప్పగా పడింది. ఫిల్టర్ మార్చి పంపాను. మళ్లీ రాలేదు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

రింగు మాట బంగారం, ఒప్పుకుంటాను. కానీ డైనో అంటే గరిష్ఠ హెచ్‌పీ తేల్చే యంత్రమేనన్నట్టు రాశారు. డైనోలు రెండు రకాలు. ఒకదానిలో బరువైన రోలర్‌ను చక్రం ఎంత త్వరగా తిప్పగలదో చూసి లెక్క కడతారు. రెండో రకంలో రోలర్‌కు బ్రేకు ఉంటుంది. యాక్సిలరేటర్ పావు వంతు మాత్రమే తిప్పి, చుట్లను 2500 దగ్గర నిలబెట్టి, అక్కడే పెట్రోలు ఎంత కావాలో సరిచేయవచ్చు. తర్వాత 2750, 3000. మీరు చెప్పిన ఆ రెండున్నర హెచ్‌పీ బండిని బాగుచేసేది సరిగ్గా ఈ పనే. సమంగా వెళ్తున్నప్పుడు సెన్సర్ మిశ్రమాన్ని 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు దగ్గర ఉంచడానికి చూస్తుంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిస్తే ఆ అంకె 13.5 దగ్గరికి దిగుతుంది, దాన్నీ సెన్సర్ సర్దుకుంటుంది. కానీ యాక్సిలరేటర్ చటుక్కున తిప్పినప్పుడు సెన్సర్ మాట వినేంత తీరిక ఉండదు. కంప్యూటర్ ఎప్పుడు ఎంత పెట్రోలు ఇవ్వాలో ముందే రాసి ఉన్న తన పట్టికనే నమ్ముకుంటుంది. పైపు, ఫిల్టర్ మారాక ఆ పట్టిక ఈ బండిది కాదు. తడబాటు అక్కడ పుడుతుంది. చెవితో విని ఆ పట్టికను ఎవరూ దిద్దలేరు.

ఘాట్ మలుపు (సాలూరు):

బ్రేకు ఉన్న డైనో, ఓపికగా చేసేవాడు ఉంటే మీరన్నది నిజమే. ఆ షాపువాళ్లు ఏ రకం వాడుతున్నారో అడగమనండి. మూడు హెచ్‌పీ పెంచుతామని మొదలుపెట్టినవాళ్లు పావు యాక్సిలరేటర్ దగ్గర గంటలకొద్దీ కూర్చుంటారని నాకు నమ్మకం లేదు.

కానీ ఒకటి. ఆ పట్టికను ఈ బండి కోసం కంపెనీ నెలల తరబడి తయారుచేసింది. చలిలోనూ, ఎండలోనూ, ఎత్తులోనూ పరీక్షించింది. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. ఇక్కడ కింద నుంచి అక్కడికి ఎక్కేసరికి గాలి పలచబడినా కంపెనీ పట్టికతో బండి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎక్కడో ఒక గదిలో, ఒక్క మధ్యాహ్నం రాసిన పట్టిక ఘాట్ పైన ఎలా ఉంటుందో రాసినవాడికే తెలియదు. పాత పైపు తీసేయడంతో దానిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోయింది. పక్కన సైకిల్ మీద వెళ్లే బడి పిల్లలు పీల్చేది ఆ పొగే. పాత సైలెన్సర్ ఇంట్లో ఉంటే, తమ్ముడూ, ఒక్కసారి దాన్ని వేసి చూడు. నీ బండికి రాసిన ట్యూనింగ్ దానితోనే ఉంది.

కోట కూడలి (విజయనగరం):

ఇద్దరికీ కృతజ్ఞతలు. చేసింది చేసినట్టు రాస్తున్నాను. హెడ్ దగ్గర వేలెడంత మసి చార కనిపించింది. కొత్త రింగు వేయించగానే టపటప దాదాపు పోయింది. మూడో గేరు తడబాటు మాత్రం పోలేదు. చైను సరిగ్గానే ఉంది.

ఆదివారం అటక మీది పాత పైపు, సైలెన్సర్, పాత ఫిల్టర్ దించి వేయించాను. అదే బంకులో పెట్రోలు, అదే దారి, వెనక అదే తమ్ముడు. చంపావతి వంతెన దాటాక మూడో గేరులో కావాలనే నెమ్మదించి మళ్లీ తిప్పాను. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ తడబాటు లేకుండా లాగింది. పాత శబ్దం ఇంత మెత్తగా ఉండేదని మర్చిపోయాను.

కొత్త సైలెన్సర్ మోజు పూర్తిగా పోయిందని చెప్పలేను. ఆ షాపువాళ్లకు ఫోను చేసి రోలర్‌కు బ్రేకు ఉందా అని అడిగాను. కనుక్కుని చెబుతామన్నారు. వారం అయింది, ఇంకా చెప్పలేదు. ఆ 14 వేలలో కొంతతో ఈ నెల రెండు టైర్లూ మార్పిస్తున్నాను. వెనకది అరిగి గీతలు కనిపించడం లేదు, వానలు దగ్గరపడ్డాయి.