అప్‌డేట్: నాన్నగారితో సెయింట్ ఆండ్రూస్ వెళ్లొచ్చాం

నాన్నగారి షష్టిపూర్తికి ఆయన్ని స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఉన్న ప్రసిద్ధ గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్సులో ఆడించాలని ఉంది, ముందస్తు టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయానికి బుకింగ్) దొరకలేదు, ఎక్కడ దిగాలి అని మార్చిలో ఇక్కడ అడిగాను. "ఊళ్లోనే గెస్ట్‌హౌస్ తీసుకుని రోజూ బ్యాలట్‌లో పేర్లు వేయండి" అన్నారు మీరు. అదే చేశాం.

బ్యాలట్ అంటే లాటరీ, ఆడే రోజుకు రెండు రోజుల ముందు తీస్తారు. మొదటి రెండుసార్లు మా పేర్లు రాలేదు. నాన్నగారు పైకి ఏమీ అనలేదు కానీ నాకు ఒకటే టెన్షన్. ఈలోగా కార్నూస్టీ అనే మరో కోర్సులో ఆడాం. 1953లో అమెరికన్ గోల్ఫర్ బెన్ హోగన్ బ్రిటిష్ ఓపెన్ టోర్నీ గెలిచింది అక్కడే. చివరి రెండు హోల్స్‌లో (ఒక్కో గుంతకు ఆడే భాగం ఒక హోల్) వాగు మాటిమాటికీ అడ్డొస్తుంది.

మూడోసారి పేర్లు వచ్చాయి!

ఓల్డ్ కోర్సు 17వ హోల్‌లో హోటల్ షెడ్ల మీదుగా కొట్టాలి. గోడ మీద రాసిన హోటల్ పేరులో ఏ అక్షరం మీదుగా కొట్టాలో క్యాడీ (బ్యాగు మోస్తూ సలహాలిచ్చే మనిషి) వేలుపెట్టి చూపించాడు. నాన్నగారి బంతి షెడ్డు దాటి ఫెయిర్‌వేలో (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారిలో) పడింది. 18లో పేరున్న స్విల్కన్ రాతి వంతెన మీద ఆగి, ఆ రాళ్లను అరచేత్తో మెల్లగా తడిమారు. ఫొటో తీయడం కూడా మర్చిపోయాను.

వెళ్లేవాళ్లు ఆదివారం తప్పక కలుపుకోండి. ఆ రోజు మామూలుగా ఆట ఉండదు, కోర్సు ఊరివాళ్లకు పార్కు అవుతుంది. గోల్ఫ్ ఆడని అమ్మ కూడా మాతో ఫెయిర్‌వే అంతా నడిచింది. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (ఆటగాడి స్థాయి తెలిపే పత్రం) మాత్రం మర్చిపోకండి, అడుగుతారు.

సలహా ఇచ్చినవాళ్లందరికీ నాన్నగారు నమస్కారాలు చెప్పమన్నారు.