వి-మెడ దగ్గర రెండు పక్కలా గీత ఒకేలా రావడం లేదు

కావలి_అల్లిక: తిరుమల వెళ్ళినప్పుడు మా వారు వేసుకోవడానికి చేతుల్లేని స్వెటర్ అల్లుతున్నా. వి-మెడ దాకా వచ్చింది. రెండు పక్కలా రెండేసి కుట్లు కలిపి నిట్ (మామూలు ముందువైపు కుట్టు) చేస్తూ తగ్గిస్తున్నా. ఒక పక్క గీత అంచు వెంట చక్కగా పోతోంది, రెండో పక్క మెట్లు మెట్లుగా ఉంది. టెన్షన్ (దారం బిగువు) తేడానా?

ఒంగోలు_ఊలుబంతి: టెన్షన్ కాదండీ. రెండు కలిపి నిట్ చేస్తే కుట్టు కుడికి వాలుతుంది, ఏ పక్క చేసినా అంతే. వేసుకున్నవాళ్ళ ఎడమ భాగంలో మెడ అంచు వరస చివర్లో వస్తుంది, అక్కడ అది కుదురుతుంది. కుడి భాగంలో మెడ అంచు వరస మొదట్లోనే ఉంటుంది. అక్కడ రెండు కుట్లు జరిపి కలిపి అల్లే, ఎడమకు వాలే ఎస్‌ఎస్‌కె చేయాలి. రెండు చోట్లా అంచు కుట్టు ఒకటి వదిలి లోపల తగ్గించండి, తర్వాత మెడ పట్టీకి కుట్లు ఎత్తుకోవడం సులువు.

కావలి_అల్లిక: ఎస్‌ఎస్‌కె ఎలా అక్కా?

నెల్లూరు_పిన్ని: రెండు కుట్లను ఒక్కొక్కటిగా, నిట్ చేయబోతున్నట్టే సూది దూర్చి, అల్లకుండా కుడి సూది మీదికి జరుపమ్మా. ఇప్పుడు ఎడమ సూది మొనను ఆ రెంటి ముందు కాళ్ళలోకి (సూదికి ముందువైపున్న పోగుల్లోకి) ఎడమ నుంచి దూర్చి, కలిపి నిట్ చెయ్. పర్ల్ (నిట్‌కు తిరగేసిన కుట్టు) చేయబోతున్నట్టు సూది దూర్చి జరిపితే మాత్రం కుట్లు మెలిపడతాయి, కాళ్ళు కత్తెరలా అడ్డంగా కనబడతాయి. మా అమ్మ కాలంలో ఒకటి జరిపి, ఒకటి అల్లి, జరిపినదాన్ని దాని మీదుగా దాటించేవాళ్ళు. అదీ ఎడమకే వాలుతుంది గానీ, దాటించేటప్పుడు ఆ కుట్టు సాగుతుంది.

చీమకుర్తి_సూదులు: నాకైతే ఎస్‌ఎస్‌కె కూడా కొంచెం వదులుగానే వస్తుంది. కాటన్ దారంతో మరీను. మన ఎండలకు ఊలు వేసుకునేవాళ్ళెవరు చెప్పండి! కాటన్ సాగి వెనక్కి రాదు కాబట్టి వదులంతా బయటపడుతుంది. రెండో కుట్టును పర్ల్ చేయబోయినట్టు జరిపి చూడండి, నాకు గీత చదునుగా వచ్చింది. సూది లావు భాగం మీద కాకుండా మొనల దగ్గరే పని కానివ్వండి.

నెల్లూరు_పిన్ని: ఒక్క కుట్టు అలా జరిపితే నేనన్న మెలి పెద్దగా తెలీదు, నిజమే.

కావలి_అల్లిక: తప్పుడు వైపు (వెనకవైపు) వరసల్లో కూడా తగ్గించాలా?

ఒంగోలు_ఊలుబంతి: వద్దండీ. మంచివైపు వరసల్లోనే, అంటే వరస విడిచి వరస తగ్గించండి. మెడ లోతు ఎక్కువ కావాలంటే పైకి పోయాక నాలుగు వరసలకోసారి. సరిచేయడానికి ఇప్పటిదాకా అల్లిన మెడ విప్పబోయే ముందు, మెడ మొదలైన వరస కుట్లన్నిట్లోంచి వేరే రంగు దారం సూదితో ఎక్కించి పెట్టుకోండి, విప్పడం అక్కడికి వచ్చి ఆగుతుంది.