అండమాన్‌కి ఇంకా కరోనా టెస్టు అడుగుతున్నారా? ఏజెంటు పర్మిట్ డబ్బులు కూడా అంటన్నాడు

ముమ్మిడివరం కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. సంక్రాంతి అయ్యాక అమ్మానాన్న, అక్కాబావ, వాళ్ళ పాపతో అండమాన్ వెళ్దామనుకుంటన్నాం, మా మేనత్త వాళ్ళు ఎప్పట్నించో అక్కడే ఉంటన్నారు. ఇక్కడ ఓ ట్రావెల్స్ ఆయన దగ్గరికెళ్తే 48 గంటల్లోపు ఆర్‌టీపీసీఆర్ కావాలి, వ్యాక్సిన్ సర్టిఫికెట్ కావాలి, పైగా దీవుల్లోకి ఎంట్రీ పర్మిట్ అని మనిషికింత అని చీటీ రాసిచ్చాడు. నెట్‌లో వెతికితే ఓ సైట్లో అచ్చం అలాగే ఉంది కానీ ఎప్పుడు రాశారో డేట్ లేదు. పాపది అమెరికా పాస్‌పోర్టు, దానికేమైనా వేరే తలనొప్పి ఉందా? తెలిసినోళ్ళు కాస్త చెప్పండి.

రేవు దగ్గర రాజు:
ఆయ్, ముందు ఆ చీటీ పక్కన పడేయండి. దేశం మొత్తానికి కోవిడ్ ఆంక్షలు 2022 మార్చి 31తో తీసేశారు, విమానంలో మాస్కు తప్పనిసరి కాదని అదే ఏడు నవంబరులో చెప్పేశారు, బయటి దేశాల్నించి వచ్చేవాళ్ళు నింపాల్సిన ఎయిర్ సువిధ ఫారం కూడా ఆ నెల్లోనే పోయింది. ఇంకా టెస్టు ఏంటండీ బాబూ. మనోళ్ళకి ఆధార్ చాలు.

పోర్ట్‌బ్లెయిర్ తెలుగోడు:
మాది సఖినేటిపల్లి, ఇక్కడ ఉద్యోగం. (ఊరి పేరు 2024లో శ్రీవిజయపురం అని మార్చారు గానీ నాకింకా నోరు తిరగట్లేదు.) ఆ 48 గంటల రూలు మీ ఏజెంటు పుట్టించింది కాదండి, అప్పట్లో నిజంగానే ఉండేది, మన వైపు నుంచి వచ్చేవాళ్ళకి దాంతో నరకమే, కాకినాడలో శాంపిల్ ఇచ్చి రిపోర్టు కోసం ఫోన్ పట్టుకు కూర్చుని, అది వచ్చాక చెన్నై రైలెక్కేసరికి సగం టైం అయిపోయేది, ఒక్క కనెక్షన్ లేటయితే మళ్ళీ మొదటికే. అయినా ఇక్కడోళ్ళు అంత గట్టిగా ఉన్నారంటే తప్పు పట్టలేం, పెద్ద ఆసుపత్రి అంటే ఒక్క జీబీ పంత్, సీరియస్ కేసు వస్తే సముద్రం దాటించాలి. 2021 డిసెంబరుకల్లా పెద్దవాళ్ళందరికీ రెండు డోసులూ వేసేశామని ప్రకటించారు, అంతా కోవిషీల్డే.

ఇప్పుడు అసలు సంగతి. కరోనా రూల్స్ పోయాయి, అంతకుముందు నుంచీ ఉన్న రూల్స్ మాత్రం పోలేదు. ఏజెంట్లు ఈ రెండూ కలిపేసి భయపెడతారు. పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్), నీల్ (షహీద్ ద్వీప్) వీటికి మన దేశస్తులకి ఏ పర్మిటూ అక్కర్లేదు. నికోబార్ వైపు, గిరిజనుల రిజర్వుల్లోకి అయితే పాస్ ఉండాలి, టూరిస్టులకి ఇవ్వరు. బారాటాంగ్ సున్నపురాయి గుహలకి వెళ్తే దారి జారవా అనే గిరిజనుల అడవిలోంచే, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ వరసలో ఆపి టైం ప్రకారం కాన్వాయ్‌గా వదుల్తారు, మధ్యలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు, బిస్కెట్ ప్యాకెట్ కూడా ఇవ్వకూడదు. పాపకి చెప్పి ఉంచండి. వాళ్ళకి మన జబ్బులు తట్టుకునే శక్తి ఉండదు, జారవాల్లో 1999లో ఓసారి, 2006లో ఓసారి తట్టు వచ్చింది, 1877లో గ్రేట్ అండమానీస్ అనే ఇంకో తెగలో చాలామంది ఆ తట్టుకే పోయారు. మిగిలిన ఆ కొద్దిమందిలో కూడా 2020 ఆగస్టులో పది మందికి కరోనా వచ్చిందంటే మాకిక్కడ ఒళ్ళు జలదరించింది.

పాప సంగతి: 2018లోనే 30 దీవులకి విదేశీయులకి పర్మిట్ తీసేశారు, పాకిస్తాన్, చైనా, అఫ్ఘానిస్తాన్ వాళ్ళకి తప్ప. దిగగానే ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో పేరు నమోదు చేయించాలి. పాస్‌పోర్టు, దాంతోపాటు వీసా గానీ ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మన సంతతి వాళ్ళకిచ్చేది) గానీ చేతిసంచీలో పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో పడేసి అక్కడ తడుముకోవద్దు.

యానాం నుంచి:
సముద్రం దాకా ఎందుకండీ, మా యానాం చూడండి, నాలుగు వైపులా ఆంధ్రా, మా సర్కారేమో పుదుచ్చేరిలో. లాక్‌డౌన్‌లో మేం నేల మీదున్న దీవే. అవతల పొలం ఉన్నోడు ఇవతల గట్టు మీద నిలబడి కూలీతో ఫోన్లో మాట్లాడేవాడు. రూలు ఎత్తేశారని అక్కడ చెప్తే ఇక్కడ చెక్‌పోస్టు కానిస్టేబుల్‌కి చేరడానికి వేరే టైం పట్టేది. ఇక తాగే మందు రేటు సంగతి ఎత్తకండి, అప్పట్లో కోవిడ్ పన్ను వేసి ఆంధ్రా రేటుకి తెచ్చేశారు, ఆ బాధ వేరు 😀

రేవు దగ్గర రాజు:
అసలు విషయం దొరికింది మనోడికి 😂

ముమ్మిడివరం కుర్రోడు:
చాలా థాంక్సండి, ఏజెంటుకి ఫోన్ చేసి పర్మిట్ పేరేంటో, ఏ ఆఫీసు ఇస్తుందో చెప్పమంటే మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. ఇంకోటి, నాన్నగారు వైజాగ్ నుంచి ఓడలో వెళ్దామంటన్నారు, విమానం వద్దంట.

పోర్ట్‌బ్లెయిర్ తెలుగోడు:
ఓడ రెండున్నర రోజులు పడుతుందండి, వైజాగ్ నుంచి నెలకి ఒకటి దొరికితే అదృష్టం, అదీ తేదీ జరుగుతా ఉంటుంది. ఇక్కడోళ్ళకి ఐలాండర్ కార్డు మీద తక్కువ రేటు, మీకు అది ఉండదు. అండమాన్ షిప్పింగ్ డైరెక్టరేట్ సైట్లో షెడ్యూలు పెడతారు, అది చూశాకే రిటర్న్ టికెట్టు కొనండి. నాన్నగారి సరదా కోసం వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోండి. జనవరి, ఫిబ్రవరిలో సముద్రం నెమ్మదిగానే ఉంటుంది, అయినా అమ్మగారికి వాంతుల మాత్రలు డాక్టర్ని అడిగి తెచ్చుకోండి. మేనత్త గారికి ఆవకాయ తెస్తే మూత మీద పాలిథిన్ వేసి గట్టిగా కట్టండి, విమానంలో అయితే చేతిసంచీలో పెట్టనివ్వరు.